ఓషధి ఎవరి కొరకు?

ఋగ్వేద దశమ మండలములోని 97వ సూక్తము ఓషధీసూక్తముగా ప్రసిద్ధము. ఆథర్వణుడైన భిషక్కు దీనికి ఋషి. ఇందులో ఓషధులు జడపదార్థములుగా కాక మాతృమూర్తులుగా సంబోధింపబడినవి. సోముడు వాటికి రాజు. భూమిని త్రవ్వి మూలికను తీసే వేళ వైద్యుడు చేసే ప్రార్థన ఒకటి ఇందులో ఉన్నది. త్రవ్వుతున్న తనకు కీడు కలుగరాదు, ఎవరి కొరకు త్రవ్వుతున్నాడో వారికీ కలుగరాదు అని ఆ ప్రార్థన. సూక్తము ముగింపు దగ్గర ఓషధులే తమ రాజైన సోమునితో సంభాషిస్తాయి. బ్రాహ్మణుడు ఎవరి నిమిత్తము తమను సిద్ధపరుస్తాడో, వానిని ఆపద దాటిస్తామని విన్నవిస్తాయి.

ఈ రెండు సందర్భములలోను ముగ్గురు ఉన్నారు. ఓషధి ఒకటి, దానిని ఎరిగినవాడు ఒకడు, ఎవరి కొరకు దానిని తెచ్చినారో ఆ వ్యక్తి ఒకడు. ఓషధి తనంతట తాను దాటిస్తానని అనలేదు. ఎరిగినవాని చేతి మీదుగా, ఒకరి నిమిత్తము సిద్ధమైనపుడు దాటిస్తానన్నది. ఈ సూక్ష్మమును మనసులో ఉంచుకొని, నేడు అనేక సాధకులు అడుగుతున్న ఒక ప్రశ్నను విచారించవలసి ఉన్నది.

విదేశములలో ‘మూలికా దీక్షా శిబిరములు’ విస్తారముగా వెలసినవి. అరణ్యమధ్యమున కొన్ని దినములు నివసించి, రాత్రివేళ ఒక కషాయమును సేవించి, దర్శనములను పొంది, మనోవ్యథను పోగొట్టుకొనవచ్చునని వాటి ప్రకటన. విదేశములందున్న తెలుగు యువకులు కూడ వాటికి వెళ్తున్నారు. తిరిగివచ్చినవారు ఇంటి పెద్దలను, గురువులను రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. మన ఋషులు సేవించిన సోమము ఇటువంటిదే కాదా? పతంజలి మహర్షి సైతము ఓషధిని సిద్ధికి హేతువుగా చెప్పలేదా? ఈ ప్రశ్నలు అడిగేవారిని ధర్మభ్రష్టులని తూలనాడుట సులభము. వారిలో అనేకులు భోగము కొరకు కాక దుఃఖము చేత అక్కడికి వెళ్ళినవారు. దుఃఖితునికి సమాధానము చెప్పవలసిన బాధ్యత శాస్త్రమునకు ఉన్నది.

ఆ కషాయము స్వరూపము

ఈ శిబిరములలో ప్రధానమైన కషాయమునకు అయవాస్కా అని పేరు. దక్షిణ అమెరికాలోని కెచువా భాషలో ‘అయ’ అనగా మృతుడు లేక ఆత్మ, ‘వాస్కా’ అనగా త్రాడు, తీగ. మృతులను చేరే త్రాడు అని భావము చెప్పుకొనవచ్చును. ఇందులో సాధారణముగా రెండు మొక్కలు కలుస్తాయి. ఒకటి అడవి తీగ, రెండవది చక్రూనా అనే పొద ఆకు. ఆకులో డి.ఎం.టి. అనే దృశ్యజనక పదార్థము ఉన్నది. దానిని ఒంటరిగా మ్రింగితే ఉదరములోని ఒక ఎంజైము దానిని నిర్వీర్యము చేస్తుంది. తీగలోని హార్మిన్ మొదలగు పదార్థములు ఆ ఎంజైమును అడ్డగిస్తాయి. అందువలన ఆకు సారము మెదడును చేరి, నాలుగు నుండి ఆరు గంటల వరకు దర్శనములను కలిగిస్తుంది. వాంతులు తప్పవు. అక్కడివారు దానిని శుద్ధిగానే భావిస్తారు.

ఈ జ్ఞానము అమెజాన్ అరణ్యవాసుల తపస్సు. వేల మొక్కల నడుమ ఈ రెండింటి సంయోగమును కనుగొన్న పూర్వుల ప్రజ్ఞను తక్కువ చేయరాదు. పేరూ ప్రభుత్వము 2008లో ఈ సంప్రదాయ జ్ఞానమును జాతీయ సాంస్కృతిక వారసత్వముగా ప్రకటించినది. బ్రెజిల్ దేశములో ఔషధములకు లొంగని విషాదరోగము గల 29 మందిపై జరిగిన ఒక పరీక్షలో, ఒక్క మోతాదు తరువాత ఏడవ దినము వరకు చూడగా ఉపశమనము కనిపించినది. ఇది సత్యమే. సత్యమును దాచి చేసే ధర్మబోధ నిలువదు. అయితే ఆ పరీక్ష కొలిచినది ఏడు దినములను. మనుష్యుడు జీవించవలసినది ఆ తరువాతి దినములలో.

ఒక సాధకుని వృత్తాంతము

కరీంనగర్‌లో జన్మించి, టెక్సస్ రాష్ట్రములో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేసుకొంటున్న ఒక గృహస్థు కథ ఈ విచారణకు ఉపకరిస్తుంది. 2021 వైశాఖములో కరోనా రెండవ ఉద్ధృతి వేళ ఆయన తండ్రి గతించినారు. ప్రయాణములు సాగని కాలమది. అంత్యక్రియలను, మాసికములను చిన్నాయన నిర్వహించినాడు. కుమారుడు అర్ధరాత్రి సెల్‌ఫోనులో చితిని చూచినాడు. అగ్ని వెలిగిన క్షణమున ఫోను ఆగిపోయినది. ఆ తెగిపోయిన దృశ్యము ఆయనను విడువలేదు. నిద్ర పోయినది. వైద్యుడు విషాదమునకు మాత్రలు వ్రాసినాడు. రెండేళ్ళు గడిచినవి. ఒక సహోద్యోగి పేరూలోని ఒక శిబిరము సంగతి చెప్పినాడు.

శిబిరమువారు పంపిన పత్రములో, ఆ మాత్రలు వాడేవారు వాటిని మానివేసిన తరువాతనే రావలెనని ఉన్నది. ఎన్ని వారములు ముందు, ఎవరి పర్యవేక్షణలో అనే వివరము లేదు. ఆయన తన వైద్యునికి చెప్పకుండ నాలుగు దినముల ముందు తానే మానివేసినాడు. ఇది ఎంతటి సాహసమో ఆయనకు అప్పుడు తెలియదు. ఆ తీగ సారమును, విషాద నివారణ మాత్రల సారమును ఒకే దేహములో కలిపితే సెరటోనిన్ సిండ్రోమ్ అనే ప్రాణాపాయస్థితి కలుగవచ్చును. కొన్ని మాత్రల ప్రభావము మానిన పిమ్మట వారముల తరబడి ఉంటుంది. హృద్రోగులకు, చిత్తభ్రమ వంశములో ఉన్నవారికి కూడ ఈ కషాయము ప్రమాదకరము. ఆయన క్షేమముగా బయటపడుట పూర్వపుణ్యమనే చెప్పవలెను.

వర్తులాకారపు తాటాకు శాల. ఇరువది మందికి ఇరువది పరుపులు, ప్రక్కన ఒక్కొక్క బకెట్టు. దీపము ఆర్పినారు. చేదుగా, చిక్కగా ఉన్న కషాయము సేవించిన గంటకు వైద్యుడు పాడుట ప్రారంభించినాడు. ఆ పాటలను ఇకారోలు అంటారు. ఆ చీకటిలో గృహస్థునకు కరీంనగర్ ఇంటి అరుగు కనిపించినది. తండ్రి అరుగు మీద కూర్చుండి ధోవతి కుచ్చెళ్ళు సవరించుకొంటున్నాడు. తల ఎత్తి “వచ్చినవా” అన్నాడు. అంతే. ఆయన తెల్లవారువరకు విలపించినాడు. ఉదయము అందరు వలయముగా కూర్చుండి ఎవరికి ఏమి కనిపించినదో చెప్పుకొన్నారు. ఆయన వంతు వచ్చినపుడు మాట పెగలలేదు.

ఆరు వారములు మనస్సు దూదివలె తేలికగా ఉన్నది. ఏడవ వారమున నిద్రలేమి మరల ప్రవేశించినది, పూర్వముకంటె బలముగా. తండ్రిని మరల చూడవలెనని మరుసటి సంవత్సరము వెళ్ళినాడు. ఆ పర్యాయము సర్పములు, రంగురంగుల చక్రములు కనిపించినవి. తండ్రి రాలేదు. మరునాటి రాత్రి కూడ రాలేదు. ‘నాన్నకు నామీద కోపము వచ్చినది’ అనే క్రొత్త శల్యము హృదయములో నాటుకొన్నది. దుఃఖమును పోగొట్టుకొన వెళ్ళినవాడు మరియొక దుఃఖమును మూట కట్టుకొని వచ్చినాడు.

పతంజలి చెప్పినదేమి

యోగసూత్రముల కైవల్యపాదము మొదటి సూత్రములో మహర్షి సిద్ధులకు అయిదు హేతువులను లెక్కించినాడు. జన్మము, ఓషధి, మంత్రము, తపస్సు, సమాధి. ఓషధి ఉన్నమాట నిజమే. అయితే వ్యాసభాష్యము ఓషధిసిద్ధికి ఉదాహరణగా అసురభవనములలోని రసాయనములను చూపినది. ఋషుల ఆశ్రమములను చూపలేదు. ఇది నింద కాదు, స్థాననిర్దేశము. ఓషధి వలన శక్తి కలుగుతుంది, కాని శక్తి కలిగినవాడు శుద్ధుడైనాడని అర్థము కాదు.

అదే పాదము ఆరవ సూత్రము మరింత ముఖ్యమైనది. ఈ అయిదు విధములుగా సిద్ధినొందిన చిత్తములలో ధ్యానము నుండి పుట్టినది ఒక్కటే ఆశయము లేనిదని అక్కడ నిర్ణయము. ఆశయమనగా కర్మవాసనల నిలువ, గాదెలో మిగిలిపోయే గింజల వంటిది. మిగిలిన నాలుగు మార్గములలో కలిగిన అనుభవము ఎంత ఉదాత్తమైనను, ఒక వాసనను చిత్తములో విడిచిపోతుంది. ఆ వాసన మరల అదే అనుభవమును కోరుతుంది. గృహస్థుని రెండవ ప్రయాణమును ఈ సూత్రము ముందుగానే వివరించినది. మొదటి రాత్రి తండ్రి కనిపించినాడు, దాని వలన ‘మరల చూడవలెను’ అనే బీజము పడినది. రెండవసారి కనిపించలేదు, దాని వలన భయబీజము పడినది.

వేదాంతదృష్టిలో ఇది ఇంకను స్పష్టము. కనిపించినదంతయు దృశ్యము. రాత్రి పది గంటలకు మొదలై రెండు గంటలకు ముగిసినది ఆత్మ కాజాలదు. ఆ దర్శనము మొదలగుటకు పూర్వము, దర్శనము సాగుతున్నపుడు, అది ముగిసిన పిమ్మట కూడ ఉండి చూచినవాడెవడో వాని కొరకే ఉపనిషత్తుల అన్వేషణ. ఓషధి దృశ్యమును మార్చగలదు. ద్రష్టను తెలుపజాలదు.

సోమయాగములో పానము

సోమమన్నది ఏ మొక్క అనే చర్చ నూరేళ్ళకు పైగా సాగుతున్నది. గోర్డన్ వాసన్ 1968లో వెలువరించిన గ్రంథములో అది ఒక పుట్టగొడుగు అని ప్రతిపాదించినాడు. ఇతరులు ఇతర మొక్కలను చెప్పినారు. శ్రౌతమును అధ్యయనము చేసినవారికి ఈ చర్చలో ఒక వెలితి కనిపిస్తుంది. మూలసోమము లభించనపుడు పూతికను వాడవచ్చునని బ్రాహ్మణ గ్రంథములే అనుమతించినవి. జైమిని పూర్వమీమాంస ఆరవ అధ్యాయములో ప్రతినిధిద్రవ్యములను గూర్చి విస్తృతమైన విచారణ ఉన్నది. 1975 ఏప్రిల్‌లో కేరళలోని పాంజాళ్ గ్రామమున జరిగిన అతిరాత్రము ప్రతినిధిలతతోనే జరిగినది. మత్తు యజ్ఞఫలమైయుంటే, మత్తు లేని తీగతో యజ్ఞము నిష్ఫలము కావలెను. ఏ ఆచార్యుడు అట్లు చెప్పలేదు. కనుక సోమపానమునకు ప్రాణము మత్తులో లేదు, క్రమములో ఉన్నది.

ఆ క్రమమును చూడండి. అగ్నిష్టోమము అయిదు దినముల క్రతువు, పదునారుగురు ఋత్విజులు. యజమానుడు దీక్ష పుచ్చుకొని, పాలు మాత్రమే ఆహారముగా, వాక్కును నియమించి ఉంటాడు. అవభృథము వరకు స్నానము లేదు. సోమమును ఊరక కోసుకొని రారాదు, వెల ఇచ్చి కొనవలెను. రాజువలె ఆతిథ్యమిచ్చి తేవలెను. సుత్యాదినమున దంచి, పిండి, వడగట్టిన రసము ముందు అగ్నిముఖమున దేవతలకు చేరుతుంది. పండ్రెండు స్తోత్రములు, పండ్రెండు శస్త్రములు దానిని వెన్నంటి ఉంటాయి. హోమశేషమును మాత్రమే ఋత్విజులు సేవిస్తారు. అదియును తోటివారిని అడిగి, వారు పిలిచిన తరువాతనే. తనంతట తాను పాత్ర ఎత్తుకొని త్రాగేందుకు వీలు లేదు.

అనగా సోమపానము మొదటిది కాదు, చివరిది. దేవతలు త్రాగగా మిగిలినది. లోకహితము కొరకు జరిగిన క్రతువులో ఒక శేషము. శిబిరములో ఈ వరుస తలక్రిందులైనది. అక్కడ పానమే ఆరంభము, పానమే అంతము, త్రాగినవానికి కనిపించినదే ఫలము.

ఇందులో మరియొక విషయము విస్మయము కలిగిస్తుంది. అమెజాన్‌లోని షిపిబో జాతి పూర్వాచారములో కషాయమును ముఖ్యముగా త్రాగేవాడు వైద్యుడు. రోగి త్రాగవలసిన నియమము లేదు. వైద్యుడు తాను త్రాగి, రోగి వ్యాధిని చూచి, అతని కొరకు పాడతాడు. ఆ వైద్యుడు కూడ ఉప్పు, తీపి, స్త్రీసంగమము విడిచి మాసముల తరబడి నియమములో ఉండి విద్యను సాధించినవాడు. యాత్రికులు పెరిగిన పిదప రోగియే త్రాగే పద్ధతి ప్రబలినది. ఓషధీసూక్తములోని ‘ఎవరి కొరకు’ అనే మాట సముద్రములకు ఆవల ఉన్న ఆ అడవిలో కూడ ఒకప్పుడు ఉండినది. అంగడి దానిని తొలగించినది.

జైనూర్ అడవి చెప్పిన పాఠము

ఆ గృహస్థుని మేనమామ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్‌లో ఉపాధ్యాయుడు. రెండవ ప్రయాణము తరువాతి పుష్యమాసమున గృహస్థు స్వదేశమునకు వచ్చి, తల్లిని వెంటబెట్టుకొని మేనమామ ఇంట కొన్నాళ్ళు ఉన్నాడు. జైనూర్ మండలము గోండు, కొలాం, ఆంధ్ మొదలగు ఆదివాసుల సీమ. 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు భార్యతో కూడ నివసించిన మార్లవాయి గ్రామము ఈ మండలములోనిదే. గుస్సాడీ నృత్యమునకు 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజు గారిది కూడ ఆ ఊరే.

పుష్యపూర్ణిమ నాడు సమీపములోని నార్నూర్‌లో ఖాందేవ్ జాతర జరుగుతుంది. తొడసం వంశీయులు తమ కులదైవమునకు చేసే పూజ అది. వంశములోని ఇండ్లనుండి నువ్వుల నూనె తెస్తారు. ఆ వంశపు ఆడపడుచు ఒకతె దేవుని ఎదుట సుమారు 2.5 కిలోల నూనెను త్రాగి మొక్కు తీరుస్తుంది. ఒకసారి పూనుకొన్న ఆడపడుచు మూడేళ్ళపాటు ఈ వ్రతము నెరవేర్చవలెను. 1961 నుండి ఈ ఆచారము సాగుతున్నదని వంశీయులు చెప్తారు. దీనిని చూచి ఎవరును అనుకరించరాదు. ఆయుర్వేదములోని స్నేహపానమునకు సైతము వైద్యుడు మాత్రను రోజురోజుకు నిర్ణయిస్తాడు. ఇక్కడ చెప్పదలచినది నూనె మహిమ కాదు.

ఆనాడు మేనమామ వెంట గృహస్థు జాతరకు వెళ్ళినాడు. డోలు, సన్నాయి మధ్య ఆ తల్లి చెంబు ఎత్తి త్రాగుతున్నది. చుట్టును వంశపు స్త్రీలు. ఆమె నిలిచినపుడు వారు నిలిచినారు, ఆమె కూర్చున్నపుడు వారు కూర్చున్నారు. గృహస్థు శిబిరపు అలవాటు చేత, ప్రక్కనున్న ఒక వృద్ధుని మేనమామ ద్వారా అడిగించినాడు. త్రాగిన తరువాత ఆమెకు ఏమి కనిపిస్తుంది? వృద్ధునికి ప్రశ్న అర్థము కాలేదు. రెండవసారి అడిగిన మీదట ఇట్లు అన్నాడు: “కనవడుడు ఏంది సార్? మా పంటలు మంచిగుండాలె, పిల్లలు మంచిగుండాలె అని తాగింది.”

రెండు ప్రయాణములు చేసి, త్రాగినవారికి ఏమి కనిపించినదనే ప్రశ్నను తప్ప వేరొక ప్రశ్నను ఆయన వినియుండలేదు. ఇక్కడ వందలమంది నడుమ ఒకతె త్రాగినది, ఫలము త్రాగని వారందరిది. ఆమె ఏమి చూచినదో ఎవరును అడుగలేదు. సోమయాగ పరిభాషలో చెప్పవలెనంటే, ఇది దర్శనము కాదు, వ్రతము.

ఈ సీమలో ఇటువంటి దృష్టాంతములు మరికొన్ని కలవు. దీపావళి వేళ దండారి ఉత్సవములో నెమలిపింఛముల కిరీటము ధరించి, ఒడలంతా బూడిద పూసుకొని ఆడే గుస్సాడీలు దీక్ష విరమించేవరకు స్నానము చేయరు. అవభృథము వరకు దీక్షితునికి స్నానము లేని నియమమును తెలిసినవారికి ఇది అపరిచితము కాదు. చైత్రమాసమున తెల్లవారుజామున రాలే ఇప్పపూవును గోండులు నేలమీదనుండి ఏరుకొంటారు. సంస్కృతమున అది మధూకము. ఇప్పసారాను పూజలో ముందు దేవతకు ధారపోస్తారు. అదే సారా దేవతను విడిచి నిత్యపానమైనపుడు ఎన్ని గూడెములను కూల్చినదో ఆ అడవికి తెలుసు. అదే పూవుతో నేడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు లడ్డూలు చేస్తున్నారు. పూవు ఒక్కటే. ఎవరి కొరకు అనేదానిని బట్టి అది నైవేద్యము, విషము, ఆహారము అయినది. మద్యమును విధిగా సేవిస్తే ఒక ఫలము, విధి తప్పితే విషఫలము అని చరకుడు విచారించినది ఈ విషయమునే.

జైనూర్ మండలములోని పట్నాపూర్‌లో పులాజీ బాబా ఆశ్రమము ఉన్నది. ఆంధ్ తెగలో జన్మించిన ఆ మహనీయుడు ఆదివాసులకు మద్యమాంసములను విడిచిపెట్టుమని, ధ్యానము చేయుమని బోధించినారు. తెలంగాణ, మహారాష్ట్ర పల్లెలలో వారి మాట విని సారా మానినవారు అనేకులు. కైవల్యపాదము ఆరవ సూత్రమును భాష్యముతో చదివిన పండితుడు చెప్పవలసినదానిని, ఆ సీమవారు ఆచరణలో పెట్టినారు. గృహస్థు అక్కడ ఒక ఉదయము మౌనముగా కూర్చున్నాడు. ఏమియు కనిపించలేదు. కాని లేచినపుడు, మరల ఎప్పుడు కూర్చుందునా అనే ఆరాటము కూడ లేదు.

తల్లి ప్రశ్న

ఆ రాత్రి ఆయన శిబిరముల సంగతి తల్లికి మొదటిసారి చెప్పినాడు. తండ్రి కనిపించినది, రెండవసారి కనిపించనిది, కోపమేమోనన్న భయము, అంతయు చెప్పినాడు. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప ఒక్కటే అడిగినది: “మీ నాన్న నీకు కనవడాలె అంటున్నవు బిడ్డా. మరి నువ్వు మీ నాన్నకు ఏం పెట్టినవ్?”

ఆ ప్రశ్నకు ఆయన వద్ద సమాధానము లేదు. అంత్యక్రియలు, మాసికములు చిన్నాయన చేసినాడు. ప్రతి వైశాఖమున వచ్చిన తిథినాడు ఆయన ఆఫీసు పనిలోనే ఉన్నాడు. మృతులను చేరే త్రాడు కొరకు సముద్రములు దాటినవాడు, దర్భ అనే త్రాడు ఇంటిలో ఉండగా చేత పట్టలేదు.

పదునైదు దినముల తరువాత పుష్య అమావాస్య వచ్చినది. ఆనాడే కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు, కాలినడకన తెచ్చిన గోదావరీజలముతో నాగోబాను అర్చిస్తారు. అదే నాడు గృహస్థు ధర్మపురిలో గోదావరిలో దిగి తిలతర్పణము చేసినాడు. నార్నూర్‌లో చూచినవి నువ్వులే, చేతిలో ఉన్నవియు నువ్వులే. పితృ, పితామహ, ప్రపితామహులకు జలము విడిచినాడు. మాతృవర్గమునకు, బంధువులకు విడిచినాడు. చివరకు తనవారెవరును లేక జలము విడిచే దిక్కు లేనివారందరికి విడిచినాడు. 2021లో ఎవరి చేతను నీరు నోచుకొనక వెళ్ళిపోయినవారు ఎందరో గదా. ఆయనకు ఏమియు కనిపించలేదు. చూడవలెనని తోచలేదు.

తర్పణముతో నిద్రలేమి మాయమైనదని చెప్పుట అసత్యము. టెక్సస్‌కు తిరిగివెళ్ళి తన వైద్యునికి జరిగినదంతయు విప్పి చెప్పినాడు. చికిత్స మరల మొదలైనది. వైశాఖమున ఇంటిలోనే ఆబ్దికము పెట్టినాడు. ప్రతి అమావాస్యకు తర్పణము చేస్తున్నాడు. ఉదయము అరగంట కన్నులు మూసుకొని కూర్చుంటాడు. నిద్ర క్రమముగా వస్తున్నది, కొన్ని రాత్రులు ఇప్పటికి రాదు. రాని రాత్రులలో తండ్రి కోపమును గూర్చిన భయము మాత్రము లేదు.

సాధకులకు నివేదనము

ఇటువంటి శిబిరమునకు వెళ్ళదలచిన ఆస్తికులు మూడు విషయములను విచారించవలెను. మొదటిది దేహము. విషాదము, హృద్రోగము, చిత్తభ్రమ, వాడుతున్న మందులు, వీటిని దాచి ఏ కషాయమును సేవించరాదు, వైద్యునికి చెప్పక ఏ మాత్రను మానరాదు. తెలియని ఔషధము విషముతో, అగ్నితో సమానమని చరకుడు సూత్రస్థానము ఆరంభములోనే హెచ్చరించినాడు. రెండవది ధర్మము. డి.ఎం.టి. మన దేశములో 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టము క్రింద నిషిద్ధద్రవ్యము. ‘రహస్యదీక్ష’ అని ఇక్కడ ఎవరైన పిలిస్తే వెళ్ళరాదు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఎవరి కొరకు? అడిగినపుడు ‘నా కొరకు, నాకు కనిపించుట కొరకు’ అనే సమాధానమే వస్తే, ఆ వ్యక్తి ముందుగా ఎవరికి ఏమి బాకీపడినాడో విచారించుకొనుట మేలు. దేవ, ఋషి, పితృ ఋణములు మూడు ఉన్నవి. దుఃఖములలో కొన్ని రోగములు, వాటికి వైద్యుడు కావలెను. కొన్ని తీరని ఋణములు, వాటికి కర్మ కావలెను. రెండును కలిసి ఉన్నపుడు రెండును కావలెను.

శిబిరములో పరిచయమైన ఒక తెలుగు మిత్రుడు మరల అక్కడికి వెళ్తూ, తోడు రమ్మని గృహస్థునకు ఇటీవల ఫోను చేసినాడు. ఆయన రానన్నాడు. మిత్రుని వాదమును ఖండించలేదు, సోమమును గూర్చి, పతంజలిని గూర్చి చెప్పలేదు. నీవు వాడుతున్న మందుల పేర్లేమి, మీ అమ్మగారు ఎట్లున్నారు అని అడిగినాడు. మందులను గూర్చి మిత్రుడు వెంటనే చెప్పినాడు. రెండవ ప్రశ్నకు కొంతసేపు మాట రాలేదు. ఆ మాట వచ్చువరకు ఆయన ఫోను పెట్టలేదు.